పద్నాలుగో నంబరు పానా

“ఫోటోలో మీ చొక్కా నిండా మడతలున్నాయేం సార్?”

భద్రతాధికారి గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంటూనే ఆమె అడిగిన మొదటి మాట అది. నమస్కారం లేదు, కుశలప్రశ్న లేదు. గోడ గడియారం పదీ ఐదు చూపిస్తోంది.

కోర్టు వరండాల్లో ఆమెను పట్టకారు అంటారు. మెచ్చుకున్నవాళ్ళు పెట్టిన పేరు కాదది, వదిలించుకోలేక విసిగిపోయినవాళ్ళు పెట్టింది. ఇరవై రెండేళ్ళుగా ప్రైవేటు డిటెక్టివ్ పని చేసుకుని బతుకుతోంది. వయసు యాభై మూడు, కుడి మోకాలు మాట వినదు, భుజాన గుడ్డసంచీ, అందులో టార్చిలైటు. ఎదురుగా కూర్చున్న అధికారికీ ఒక పేరుంది. యుద్ధవిమానాలుండే ఆ స్థావరంలో ఆయన్ని వీపు వెనక అందరూ ఇస్త్రీ అంటారు. ఆయన చొక్కా నలిగిందంటే ఎక్కడో యుద్ధం మొదలైనట్టేనని సిపాయిల వేళాకోళం.

“చచ్చింది నా చొక్కా కాదు మేడం,” అన్నాడు ఇస్త్రీ. “మెకానిక్కు.”

“తెలుసు. ఇది నిన్న, సోమవారం, ఎనిమిదీ నలభైకి తీసిన ఫోటో. శవం పక్కన మీరు. ఛాతీ మీద నాలుగు పలకలుగా మడతలు. బీరువాలోంచి అప్పుడే తీసి తొడుక్కున్న చొక్కా అది. పొద్దున వేసుకొచ్చింది ఏమైంది?”

“టీ ఒలికింది. మార్చుకున్నాను. సాక్సుల రంగు కూడా చెప్పమంటారా?”

“ప్రస్తుతానికి టీ చాలు,” అని ఆమె నోటుపుస్తకంలో రాసుకుంది.

ఇస్త్రీ ఫైలు ఆమె ముందుకు తోశాడు. అంతా కలిపి అరపేజీ. మెకానిక్కుకి సోమవారం డ్యూటీ ఒకటో షెడ్డులో. ఎవరి అనుమతీ లేకుండా రెండో షెడ్డుకి వెళ్ళాడు. అక్కడ ఏడో నంబరు విమానం పక్కన నిచ్చెన ఎక్కి, జారిపడి, తల పగిలి చనిపోయాడు. శవం కనిపించింది ఎనిమిదిన్నరకి. తప్పు పూర్తిగా అతనిదే. తప్పు అతనిదైతే, మరమ్మతుల కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ పైసా పరిహారం ఇవ్వక్కర్లేదు. అతని భార్య వారంలోగా క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మధ్యాహ్నం పన్నెండుకి ఈ ఫైలు కార్మిక న్యాయస్థానంలో నమోదైపోతుంది. ఆలోపు ఎదురు సాక్ష్యం అక్కడికి చేరకపోతే అంతే సంగతులు.

“అక్కా, ఆయన చెప్పకుండా పక్కింటి గుమ్మం కూడా ఎక్కే మనిషి కాదు,” అంది నిన్న సాయంత్రం ఆ భార్య. ఏడవకుండా అంది. ఆ ఒక్క మాట విని పట్టకారు కేసు తీసుకుంది. ఇప్పుడామె స్థావరం కంచె బయట, సందర్శకుల బెంచీ మీద, పట్టకారు స్కూటరుకి కాపలాగా కూర్చుని ఉంది.

“కోర్టు మీకు పన్నెండు దాకా అనుమతి ఇచ్చింది కాబట్టి చూడండి,” అన్నాడు ఇస్త్రీ లేస్తూ. “పదకొండున్నరకి మూడో నంబరు విమానం ఎగరాలి. నా మనుషులకి అడ్డం రాకండి. అన్నట్టు, గేటు దగ్గర పుస్తకం తిరగేశారట?”

“మూడు లైన్లు రాసుకున్నాను.”

“ఏ మూడు?”

“అవసరం వచ్చినప్పుడు చదివి వినిపిస్తాను.”

ఇస్త్రీ దవడ బిగిసింది. అది చూసి ఆమెకు కాస్త హుషారొచ్చింది.

రెండో షెడ్డులో ఐదు, ఆరు, ఎనిమిది నంబర్ల విమానాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఏడో నంబరు మాత్రం మూలన, మందపాటి టార్పాలిన్ తెర వెనక ఉంది. తెర తొలగిస్తే అది విమానంలానే లేదు. రెక్కల కింద మూతలు లేవు, ముక్కులో పరికరాలు లేవు, ఇంజను ఉండాల్సిన చోట ఉత్త బొక్క. మిగతా విమానాలకి ఏ సామాను కావలసివచ్చినా రెండేళ్ళుగా దీన్నే పీక్కుతింటున్నారు. తనిఖీకి వచ్చినవాళ్ళు దీన్ని లెక్కలో వేసుకోరు, తెర తీసి కూడా చూడరు.

పట్టకారు మోకాలిని తిట్టుకుంటూ నేల మీద కూలబడింది. సుద్దముక్కతో గీసిన మనిషి ఆకారం, తల ఉన్న చోట అరచేయంత రక్తం మరక. ఆమె సంచీలోంచి తెల్ల చేతిరుమాలు తీసి విమానం కడుపు కింద నేలంతా తుడిచింది. తరవాత చక్రాల గూట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి అక్కడా తుడిచింది. రుమాలుకి దుమ్ము అంటింది, మరేమీ అంటలేదు.

“ఇల్లు తుడిచే పని కూడా ఒప్పుకుంటారా?” అన్నాడు ఇస్త్రీ.

“మార్చురీలో అతని చొక్కా చూశాను. మెడ నుంచి నడుము దాకా ఎర్ర నూనె. చక్రాలనీ తలుపులనీ కదిలించే నూనె అట. బట్టకి అంటితే ఎన్ని ఉతుకులు ఉతికినా పోదట. ఈ ఏడో నంబరులో ఆ నూనె చుక్కైనా ఉందా?”

“ఒకటో షెడ్డులో అంటుకుని ఉంటుంది.”

“అంటే అక్కడ ఒళ్ళంతా నూనె పోసుకుని, తుడుచుకోకుండా ఇంత దూరం నడిచొచ్చి, దారిలో ఒక్క బొట్టు పడకుండా, ఇక్కడ నిచ్చెన ఎక్కాడా?”

“మెకానిక్కులు అంత శుభ్రంగా ఉంటారా మేడం?”

“నేల శుభ్రంగా ఉంది సార్. అదే నా బాధ.” ఆమె నిచ్చెన పట్టుకుని పైకి లేచింది. “నిన్నటి తనిఖీలో ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానాలెన్ని?”

“ఎనిమిదిలో ఆరు.”

“పనిచేసే ఇంధన పంపులెన్ని?”

ఇస్త్రీ పక్కకి తిరిగి తెర సరిచేశాడు.

“ఐదు పంపులు, ఆరు విమానాలు అని మెకానిక్కు నిద్రలో కూడా గొణిగేవాడట, భార్య చెప్పింది. తనిఖీ అధికారి ఏడున్నరకి ఒకటో షెడ్డు చూస్తాడు. ఏడూ నలభై ఐదు నుంచి ఎనిమిదీ పదిహేను దాకా ఎదురు గదిలో టీ. ఆ తరవాత రెండో షెడ్డు. అరగంట టీ ఎవరు తాగుతారు సార్? ఒకచోట లెక్కపెట్టిన పంపుని విప్పి, ఇంకోచోట బిగించి, మళ్ళీ లెక్కపెట్టించడానికి సరిపోయే టీ అది.”

ఇస్త్రీ రెండడుగులు ముందుకొచ్చాడు. ఇప్పుడాయన గొంతులో వెటకారం లేదు, ఉత్త ద్వేషం ఉంది.

“విమానం ఎగిరితేనే తింటుందనుకుంటారు మీ బయటివాళ్ళు. నిలబడ్డా తింటుంది. ఒక గంట ఎగరాలంటే పదిహేను గంటలు మనుషులు దాని కింద పడి ఉండాలి. కొత్త పంపు అడిగితే పద్నాలుగు నెలలు ఆగమంటారు. ఒక్క పంపు ధర పెడితే మీ వీధి వీధంతా కొనెయ్యొచ్చు. కంపెనీకి సోమవారం లెక్కలో తేలిన విమానానికే డబ్బు. లెక్క తేలుతుంటే పంపు ఎందుకు కొంటుంది? నాకు తెలీదనుకున్నారా? కానీ వరసగా మూడు నెలలు ఆరు కంటే తగ్గితే ఈ స్థావరం మూసేస్తారు. నాలుగు వందల సంసారాలు వీధిన పడతాయి. మీ ఒక్క సంసారం కోసం వాటన్నిటి నోట్లో మట్టి కొడతారా?”

పట్టకారుకి ఒళ్ళు మండింది. ఆ మాటల్లో సగం నిజం ఉంది, అందుకే మండింది.

“ఆ ఒక్క సంసారం నోట్లో మట్టి కొట్టింది నేను కాదు,” అంది. “సిద్ధంగా ఉన్న విమానంలో మనిషి చనిపోతే దానికి నెల రోజులు సీలు. ఆరు కాస్తా ఐదవుతుంది. ఏడో నంబరుకి సీలు వేస్తే ఎవరికీ దమ్మిడీ నష్టం లేదు. అందుకే శవం ఇక్కడికొచ్చింది. ఈ తెర ఇవతల ఆరు అని లెక్కపెట్టి సంతకాలు చేసుకుంటుంటే, తెర అవతల అతను పడి ఉన్నాడు.”

“ఊహలు. కోర్టులో వీటికి కాగితం ముక్క విలువ కూడా ఉండదు.” ఇస్త్రీ గడియారం చూసుకున్నాడు. “పదీ యాభై ఐదు మేడం.”

ఒకటో షెడ్డులో మూడో నంబరు చోటు ఖాళీగా ఉంది. దాన్ని అప్పటికే బయట సిమెంటు మైదానం మీదికి లాక్కెళ్ళారు. మిగిలిన మూడిటి మధ్య పెద్దమేస్త్రి ఒక్కడే నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. చేతులకేమీ లేదు, అయినా తుడుచుకుంటూనే ఉన్నాడు. చనిపోయిన మెకానిక్కు భార్యకి ఇతను సొంత అన్నయ్య.

“చెల్లెలు కంచె అవతల కూర్చుంది,” అంది పట్టకారు. “నిన్నటి నుంచి మీరు ఆమె మొహం చూడలేదట.”

“పని ఎక్కువగా ఉందమ్మా.”

“నిన్న ఏడూ నలభై ఐదు నుంచి ఎనిమిదీ పదిహేను దాకా ఎక్కడున్నారు?”

“ఇక్కడే.”

“మీ బావగారు?”

“ఫైల్లో రాశారు కదమ్మా.”

“ఫైలు నేను చదువుకోగలను. మీరు చెప్పండి.”

పెద్దమేస్త్రి ఆమె భుజం మీదుగా ఇస్త్రీ వైపు చూశాడు. ఇతన్ని మాటలతో కదిలించడం కష్టమని పట్టకారుకి అర్థమైంది. ఆమె గోడ దగ్గరికి నడిచింది.

గోడకి పెద్ద చెక్క పలక. సుత్తి, పట్టకారు, రకరకాల పానాలు, వేటి చోటు వాటిది. ప్రతి పనిముట్టు వెనకా దాని ఆకారంలోనే నల్లరంగు వేసి ఉంది. పనిముట్టు తీసుకున్నవాడు ఆ ఖాళీలో తన నంబరున్న ఇత్తడి బిళ్ళ తగిలించాలి, తిరిగి పెట్టాక బిళ్ళ తీసుకోవాలి. పలక మీద ఒక్క పనిముట్టు తక్కువైనా, అది దొరికేదాకా షెడ్డులో ఏ విమానమూ కదలకూడదు. విమానం కడుపులో మరిచిపోయిన చిన్న పానా చాలు, గాల్లో తీగల మధ్య అడ్డం పడి మనిషిని చంపడానికి. ఒకటో షెడ్డు పనిముట్లకి ఎర్ర పట్టీ, రెండో షెడ్డు వాటికి ఆకుపచ్చ పట్టీ. ఈ సంగతులన్నీ నిన్న రాత్రి ఆమెకు చెప్పింది మెకానిక్కు భార్యే. ఆమె పెళ్ళి అయిన కొత్తలో వంటింట్లో గరిటెలకీ ఇలాంటి పలకే కట్టిపెట్టాడట ఆయన.

పట్టకారు సంచీలోంచి నిన్నటి ఫోటో బయటికి తీసి చూసింది. శవం పక్కన పడి ఉన్న పద్నాలుగో నంబరు పానాకి ఆకుపచ్చ పట్టీ ఉంది. రెండో షెడ్డు పానా అన్నమాట. నాటకం వేసినవాళ్ళు ఆ మేరకు జాగ్రత్తపడ్డారు. మరి ఈ ఒకటో షెడ్డు పలక మీద పద్నాలుగో నంబరు పానా ఏది? దాని నల్లటి ఆకారం మీద ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది.

ఆమె బిళ్ళ చేతిలోకి తీసుకుంది. “నాలుగో నంబరు. ఎవరిది?”

“నాదే,” అన్నాడు పెద్దమేస్త్రి.

“అయితే పానా మీ దగ్గరుంది. చూపించండి.”

పెద్దమేస్త్రి కుడి జేబు తడుముకున్నాడు. ఎడమ జేబు తడుముకున్నాడు. “ఎక్కడో పెట్టానమ్మా.”

“ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎన్ని పానాలు ఎక్కడో పెట్టారు?”

పెద్దమేస్త్రి మళ్ళీ గుడ్డతో చేతులు తుడుచుకోసాగాడు. ఆమెకు అతని మీద కోపంతో పాటు జాలి కూడా కలిగింది. ఇంకెవడైనా అయితే ఎక్కడినుంచో ఇంకో పానా తెచ్చి తగిలించి ఊరుకునేవాడు. ఇతని వల్ల కాలేదు. పనిముట్టు లేని చోట బిళ్ళ ఉండాలి. శవాన్ని దాచిన చేతులే వెళ్ళి, చనిపోయినవాడి బిళ్ళ తీసేసి, ఆ చోట సొంత బిళ్ళ తగిలించి వచ్చాయి.

“పానా గోల చాలు,” అన్నాడు ఇస్త్రీ. “పెద్దమేస్త్రీ, నువ్వు వెళ్ళు.”

“ఒక్క నిమిషం,” అంది పట్టకారు. “మేస్త్రిగారూ, సోమవారం ఏడో నంబరు మీద ఎవరికీ పని లేదు. పని లేని చోట చచ్చినవాడిది సొంత తప్పే అవుతుంది. అందుకని మీ చెల్లెలికి రూపాయి రాదు, పైగా వారంలో ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఈ అరపేజీలో ఉన్నది అదే. మీకు చదివి వినిపించారా?”

చేతులు తుడుచుకోవడం ఆగిపోయింది. పెద్దమేస్త్రి నెమ్మదిగా ఇస్త్రీ వైపు తిరిగాడు.

“పూర్తి పరిహారం ఇప్పిస్తానన్నారు కదా సార్?”

“నోరు ముయ్!”

“ఏడో నంబరు దగ్గరికి మారిస్తే పరిహారానికేం అడ్డు రాదన్నారు. చెల్లెలికి అన్నీ నేను చూసుకుంటానన్నారు.”

“ఏం మార్చారు?” అంది పట్టకారు. “ఎక్కడినుంచి?”

అప్పుడే బయట ఇంజను గర్జించింది. షెడ్డు రేకులు గలగలమన్నాయి. పెద్దమేస్త్రి చేతిలో గుడ్డ కింద పడేశాడు.

“మూడో నంబరు... దాన్ని ఎగరనివ్వొద్దని పొద్దున్నే కాళ్ళు పట్టుకున్నాను కదా సార్! ఆ పానా అందులోనే ఉంది!”

ఇస్త్రీ అతని చెయ్యి పట్టుకోబోయాడు. యాభై ఏడేళ్ళ మనిషి విదిలించుకుని షెడ్డులోంచి బాణంలా దూసుకుపోయాడు. పట్టకారు కుంటుకుంటూ వెనకే పరిగెత్తింది.

మూడో నంబరు కదలనే కదిలింది. పెద్దమేస్త్రి సరాసరి దాని ముందుకెళ్ళి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. విమానం ముక్కు అతనికి ఇరవై అడుగుల దూరంలో జర్కుతో ఆగింది. పైలట్ అద్దం వెనకనుంచి చెయ్యి ఊపి తిట్టాడు. ఈయన కదలలేదు. చివరికి ఇంజను ఆగింది. పెద్దమేస్త్రి వంగి విమానం కిందికి వెళ్ళి, దాని కడుపుకున్న తలుపు గడియ తిప్పాడు. తలుపు కిందికి జారింది. దానితో పాటే ఏదో ఖణేలుమని సిమెంటు మీద పడింది.

పద్నాలుగో నంబరు పానా. ఎర్ర పట్టీ. ఆ కుదుపులకి ఏ సందులోంచి జారిందో గాని, అది అక్కడ పడి ఉంది.

పట్టకారు దాన్ని రుమాలుతో తీసుకుంది. కంచె అక్కడికి నలభై అడుగులు. అవతల మెకానిక్కు భార్య ఇనుప వలలో వేళ్ళు దూర్చి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు.

“అన్నయ్యా, అక్కడేం చేస్తున్నావు?”

పెద్దమేస్త్రి ఆమె వైపు నడిచాడు. సగం దూరంలో ఆగిపోయాడు. అక్కడినుంచే చెప్పాడు, అందరికీ వినపడేలా.

“పంపు విప్పి బయటపెట్టాడు. పానా లోపల జారింది బావా, ఒక్క నిమిషం అన్నాడు. పానా వదిలేసి వచ్చే మనిషా? మళ్ళీ లోపలికి దూరాడు. నేను పైన కాక్‌పిట్‌లో ఉన్నాను. అక్కడినుంచి కింద కనపడదు. కింద నిలబడ్డవాళ్ళు చూసి, ఖాళీ అని అరిస్తేనే తలుపు మూసే లివరు తిప్పాలి. టీ గది కిటికీలోంచి తెరిచిన తలుపు కనపడుతుంది కాబట్టి త్వరగా మూసెయ్యాలి. ఖాళీ అని అరుపు వినపడింది. వచ్చేశాడనుకున్నాను. తిప్పాను.”

ఆమె వలను ఇంకా గట్టిగా పట్టుకుంది. “ఎవరరిచారు?”

పెద్దమేస్త్రి వేలెత్తి చూపించాడు. ఇస్త్రీ ఎండలో నిటారుగా నిలబడి ఉన్నాడు, చొక్కా మీద ఒక్క ముడత లేదు.

“వీడికి మతి పోయింది,” అన్నాడు. “తలుపు మూసి చంపినవాడు వీడు. ఆ సమయంలో నేను షెడ్డు దరిదాపుల్లో లేను.”

పట్టకారు నోటుపుస్తకం తెరిచింది. “గేటు పుస్తకంలో మూడు లైన్లు సార్. సోమవారం ఏడూ నలభై ఐదు, ఒకటో షెడ్డు సెంట్రీకి టీ విరామం. కాపలా, భద్రతాధికారి స్వయంగా. ఎనిమిదీ పదిహేను, సెంట్రీ తిరిగి డ్యూటీలో. ప్రతి సోమవారం ఇదే దయ. కిందటి వారాలూ చూశాను. టీకి సెంట్రీని పంపి, షెడ్డు దగ్గర మీరు నిలబడితే, మీ చొక్కా మీద టీ ఎవరు ఒలకబోశారు? ఆ చొక్కా తెప్పించండి. మోసింది ఎవరో ఆ ఎర్ర నూనె చెబుతుంది.”

ఇస్త్రీ ఆమెను చూడలేదు. భుజానికున్న వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. “అన్ని గేట్లూ మూసెయ్యండి. లోపలున్నవాళ్ళెవరూ బయటికి వెళ్ళకూడదు. ఎగరబోయే విమానాన్ని ఆపినందుకు ఇద్దర్ని అదుపులోకి తీసుకుంటున్నాను.”

దూరంగా ఇనుప గేటు కిర్రుమంది. పదకొండూ ముప్ఫై ఆరు. పట్టకారు ఇక కుంటలేదు. కంచె దగ్గరికి పరిగెత్తి, వల కింద సందులోంచి రుమాలులో చుట్టిన పానా, నోటుపుస్తకం, స్కూటరు తాళం అవతలికి తోసింది.

“న్యాయస్థానం పావుగంట దారి. నువ్వు బయటే ఉన్నావు, నిన్ను వీళ్ళు ఆపలేరు. పో.”

మెకానిక్కు భార్య వంగి పానా తీసుకుంది, కానీ కదలలేదు. “అక్కా, ఇది తీసుకెళితే అన్నయ్య జైలుకి పోతాడు కదూ?”

అబద్ధం చెప్పాలని పట్టకారుకి ఎంతో అనిపించింది. “పోతాడు,” అంది.

వెనకనుంచి పెద్దమేస్త్రి వచ్చాడు. పట్టకారు పిడికిట్లో ఉన్న ఇత్తడి బిళ్ళని అడిగి తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని సందులోంచి చెల్లెలి వైపు చాపాడు.

“కోర్టులో ఇది కూడా ఇవ్వు. బిళ్ళ లేకపోతే ఆ పానా మా షెడ్డుదని ఒప్పుకోరు. నిన్న సాయంత్రమంతా, రాత్రంతా వెతికాను చెల్లీ. దొరకలేదు.”

ఆమె బిళ్ళ తీసుకుంది. అతని వేళ్ళు తగలకుండా తీసుకుంది.

“పానా కోసం రాత్రంతా వెతికావు,” అంది. “నా గుమ్మం దాకా రాలేకపోయావు.”

స్కూటరు రెండో కిక్కుకి అందుకుంది. పట్టకారు కంచెకి వీపు ఆనించి ఇటు తిరిగింది. ఇస్త్రీ నలుగురు సిపాయిలతో మైదానానికి అడ్డంగా నడిచొస్తున్నాడు.